ఎడమచేతి మిషన్

మంగళవారం ఉదయం తొమ్మిది నలభైకి పెరటి షెడ్డులో చెక్కని నునుపు చేసే సాండర్ మిషన్ ఆగిపోయింది. తొమ్మిది నలభై రెండుకి అత్తగారు వరండాలోని మెయిను పెట్టె తెరిచి, షెడ్డు ఫ్యూజు ఊడబీకి, తన కళ్ళజోడు డబ్బాలో పెట్టుకున్నారు. పెట్టె రేకు తలుపు కిర్రుమన్న చప్పుడు షెడ్డు దాకా వినిపించింది.

మంట రాలేదు. పొగ వచ్చింది. కాలిన వాసన వంటింట్లోకి చేరింది.

"అయిపోయింది," అన్నారు అత్తగారు. "ఇంక ఆ షెడ్డు తలుపు తెరవక్కర్లేదు."

కోడలు షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సగం నునుపు చేసిన చెక్క పిడి ఉంది.

"ఇంకా ఎనిమిది ఉన్నాయి అత్తయ్యా."

"ఎనిమిదైతే ఏం, ఎనభై అయితే ఏం. ఇల్లు తగలబడ్డాక తీరిగ్గా చేసుకుందువుగాని."

మామగారు గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది. పధ్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది ఆ పక్కకే. ఆయనది ఎడమచేతి వాటం.

పిడులు ఇరవై నాలుగు. శుక్రవారం ఉదయం ఆస్పత్రిలో వ్యాయామాల గది కొత్త చోటికి మారుతోంది. పట్టు తప్పిన చేతులతో రోగులు తాడు లాగేటప్పుడు పట్టుకునేవి ఆ పిడులు. పాతవి ప్లాస్టిక్‌వి, పగిలిపోయాయి. ఎవరూ అడగలేదు. కోడలే చేసిస్తానంది. మామగారి చేత మళ్ళీ గ్లాసు పట్టించింది ఆ గదిలోనే. పట్టించిన ఫిజియోథెరపిస్టుని ఇంట్లో అందరూ డాక్టరమ్మ అంటారు.

ఒక్క షరతు పెట్టింది డాక్టరమ్మ. పిడి మీద ఒక్క పేడు కూడా లేవకూడదు. "వీళ్ళకి స్పర్శ ఉండదమ్మా. గుచ్చుకున్నా తెలీదు. చీము పట్టాక తెలుస్తుంది."

గరుకు కాగితంతో చేత్తో రుద్దితే ఒక్కో పిడికి ఒక పూట పడుతుంది. మిగిలింది మూడు రోజులు.

"మూత విప్పు," అన్నారు మామగారు.

కోడలు నాలుగు మరలు విప్పింది. మోటారు చుట్టు నల్లగా మాడి ఉంది. మామగారు లేచి వచ్చి కుడిచేతి వేలితో ముట్టుకున్నారు. వేలికి మసి అంటింది.

"ఇరవయ్యారేళ్ళు," అన్నారు. "దాని పని అది చేసింది."

"ఆ మోటారు నా బట్టలు ఉతికింది తొమ్మిదేళ్ళే," అన్నారు అత్తగారు పెరట్లోంచి. "ఉతికే మిషన్ పాడైపోయిందని నాకు చెప్పి, మోటారు శుభ్రంగా ఉందని మీ షెడ్డుకి చెప్పారు. నాకు గుర్తులేదనుకోకండి."

మామగారు పాత గుడ్డ తీసుకుని మిషన్ మీది పొడి తుడవడం మొదలుపెట్టారు. పని చెయ్యని మిషన్ని ఎందుకు తుడుస్తున్నారని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి కొడుకు పోస్టాఫీసు నుంచి భోజనానికి వచ్చాడు. కంచం ముందు కూర్చుని ఫోను తీశాడు.

"నాన్నా, ఇది చూడు. గరుకు కాగితం బెల్టూ చక్రం రెండూ ఉన్నాయి. అన్నిటికన్నా చవక. నాలుగు వేల మంది బాగుందన్నారు."

"వాళ్ళలో పెట్టె విప్పినవాళ్ళెందరు?"

"నాన్నా."

"మొదటాయన ఏం రాశాడో చదువు."

కొడుకు చదివాడు. "ప్యాకింగ్ బాగుంది. మా బావగారికి కానుకగా ఇచ్చాను."

"ఆ బావగారు ఏమన్నాడో రాశాడా?"

"రాయలేదు."

"ఎప్పుడొస్తుంది?" అంది కోడలు.

కొడుకు వేలితో కిందికి జరిపాడు. "సోమవారం."

"పిడులు శుక్రవారం ఇవ్వాలండీ."

ఫోను జేబులోకి వెళ్ళింది. కొడుకు తినడం మొదలుపెట్టాడు. కాసేపటికి అత్తగారు అన్నారు, "కొట్లో చూడండి. చూసి తెచ్చుకోండి. కానీ పొడి లాగే గొట్టం పెట్టుకునే చోటు లేని మిషన్ ఈ గడప దాటి రావడానికి వీల్లేదు. ఇరవయ్యారేళ్ళు ఆ పొడి తుడిచింది నేను. కిటికీల మీద, దిండు గలేబుల మీద, ఆఖరికి నా పళ్ళ బ్రష్షు మీద."

"ఫ్యూజు?" అన్నారు మామగారు.

"ముందు మిషన్ రానివ్వండి."

బుధవారం ఉదయం మామగారూ కోడలూ పనిముట్ల కొట్టుకి నడిచి వెళ్ళారు. కోడలి చేతిసంచిలో మూడు వస్తువులు ఉన్నాయి. మూలలు సరిచూసే మూలమట్టం, ఒక నాణెం, ఒక చెక్కముక్క.

కొట్టాయన్ని అందరూ అంగుళం అంటారు. ఏం అడిగినా అంగుళాల్లో జవాబు చెబుతాడు.

"రండి మేస్త్రిగారూ. ఎన్నాళ్ళైంది."

"పధ్నాలుగు నెలలు."

"చెయ్యి ఎలా ఉంది?"

"ఉంది."

అంగుళం మిషన్ల వైపు తీసుకెళ్ళాడు. పనిబల్ల మీద పెట్టుకునే చిన్న సాండర్లు మూడు ఉన్నాయి.

"ముందు బెల్టులు చూపించు," అన్నారు మామగారు.

"మిషన్ చూడకుండానే బెల్టులా?"

"మిషన్ ఒకసారి కొంటాం. బెల్టులు జన్మంతా కొంటాం."

అంగుళం నవ్వి, గోడకి వేలాడుతున్న బెల్టులు చూపించాడు. రెండు మిషన్లకి ఒకే కొలత సరిపోతుంది, ఆ కొలత ఏ కొట్లోనైనా దొరుకుతుందన్నాడు. మూడోదానికి బెల్టు లేదు, చక్రం ఒక్కటే. పది అంగుళాలు. దాని ధర వినగానే మామగారు పక్కకి జరిగారు.

మిగిలినవి రెండు. మొదటిది అన్నిటికన్నా చవక, ఫోనులో కొడుకు చూపించింది అదే. చక్రం ముందు ఒక చిన్న ఇనప బల్ల ఉంటుంది, చెక్కని దాని మీద ఆనించి చక్రానికి తాకిస్తారు. మామగారు ఆ బల్లని బొటనవేలితో నొక్కారు. బల్ల వంగింది. మూలమట్టం ఆనించారు. బల్లకీ చక్రానికీ మధ్య మూల కుదరలేదు, సందులో కాగితం దూరింది. మిషన్ వెయ్యమన్నారు. బల్ల మీద నాణేన్ని అంచు మీద నిలబెట్టారు. నిలబడలేదు. మళ్ళీ పెట్టారు. పడి దొర్లిపోయింది.

"వణుకుతోంది," అన్నారు. "వణికేవాణ్ణి నేనొకణ్ణి చాలు ఇంట్లో."

రెండోది కొట్లో చూపించడానికి పెట్టింది. పోయినేడాదిది. పెట్టె లేదు, ఒక పక్క రంగు లేచింది. అందుకే ధర తగ్గించానన్నాడు అంగుళం. కింది దిమ్మ పోత ఇనుముది. వెనక గొట్టం పెట్టుకునే చోటు ఉంది.

"ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉందా? దాని గొట్టం సరిపోతుంది. ఒకటిన్నర అంగుళం."

మూలమట్టం సరిపోయింది. మిషన్ వేశారు. నాణెం నిలబడింది. మామగారు మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి తీసేశారు.

"అమ్మాయ్, నువ్వు చూడు. పని చేసేది నువ్వు."

కోడలు సంచిలోంచి చెక్కముక్క తీసింది. మిషన్ ముందు నిలబడి, ముక్కని బల్ల మీద పెట్టి, చక్రం కుడి సగానికి తాకించింది.

ముక్క చేతిలోంచి లేచిపోయింది. అంగుళం భుజం మీదుగా వెళ్ళి రంగు డబ్బాలకి తగిలి కింద పడింది.

అంగుళం మిషన్ ఆపాడు.

"వేళ్ళు బాగున్నాయా?"

కోడలు చేతులు చూసుకుంది. "బాగున్నాయి."

"కుడివైపు పెట్టారేంటమ్మా? అటు చక్రం పైకి లేస్తుంది, ముక్కని ఎత్తి పారేస్తుంది. ఎడమవైపు పెట్టాలి. అక్కడ కిందికి దిగుతుంది, ముక్కని బల్లకి నొక్కి పెడుతుంది. మొదటిరోజు చెప్పే పాఠం ఇది. ఎవరు నేర్పారు మీకు?"

కోడలు కింద పడ్డ ముక్క తీసుకుంది.

"నేనే," అన్నారు మామగారు. మూలమట్టం సంచిలో పెట్టి బయటికి నడిచారు.

అంగుళం గుమ్మం దాకా పరిగెత్తాడు. "మేస్త్రిగారూ, నా ఉద్దేశం అది కాదు."

"నువ్వు తప్పేమీ అనలేదు," అన్నారు ఆయన ఆగకుండా.

కొట్టు నుంచి ఇంటికి పది నిమిషాల దారి. మామగారి నడకతో ఇరవై. రెండు వీధులు దాటారు. మూడో వీధి మలుపులో ఆయన కాలు తడబడింది. కోడలు మోచెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

ఇంటికొచ్చి తిన్నగా షెడ్డులోకి వెళ్ళారు. కాలిన మిషన్ ముందు నిలబడ్డారు.

"ఆ రెండు తీగలు చూడు," అన్నారు. "ఎర్రది, నల్లది. అవి అటూ ఇటూ మార్చింది నేనే."

కోడలు చూసింది.

"కొట్లో అమ్మే మిషన్లన్నీ కుడిచేతివాళ్ళవి. నా చేతికి కుదిరేవి కావు. తీగలు మార్చాను, చక్రం నాకు కావలసినట్టు తిరిగింది. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. చక్రం అంటే అలాగే తిరుగుతుందనుకున్నాను. నీకు నేర్పేటప్పుడు నువ్వు కుడిచేతిదానివని ఒక్కరోజైనా తట్టలేదు."

"మీరు కుడి అని ఎప్పుడూ చెప్పలేదు మామయ్యగారూ."

"మరేం చెప్పాను?"

"కిటికీ వైపు పట్టు అన్నారు."

మామగారు కిటికీ వైపు చూశారు. షెడ్డుకి ఒకటే కిటికీ. మిషన్ ముందు నిలబడితే కుడివైపు వస్తుంది.

"ఎందుకు కిటికీ వైపు అని నేను అడగలేదు," అంది కోడలు. "వెలుతురు కోసమనుకున్నాను."

"ఆ ముక్క నీ కంటికి తగిలి ఉంటే?"

"తగల్లేదు."

"తగిలి ఉంటే?"

కోడలు స్టూలు తెచ్చి ఆయన వెనక పెట్టింది. ఆయన కూర్చున్నారు.

"పోయినేడాది మీరు ఆస్పత్రి నుంచి వచ్చాక నెల రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నారు," అంది. "ఒక్క మాట లేదు. షెడ్డు తాళంచెవి ఎక్కడుందని నేనడిగినప్పుడు తల తిప్పారు. ఎందుకని అడిగారు. చెక్క పని నేర్చుకుంటానన్నాను. గుర్తుందా?"

"ఉంది."

"నాకప్పుడు రంపం ఏవైపు పట్టాలో కూడా తెలీదు. ఇవాల్టికి పదహారు పిడులు చేశాను. ఎవరు నేర్పారని ఇంకోసారి ఎవరైనా అడిగితే నేనే చెబుతాను, మీరు చెప్పక్కర్లేదు."

మామగారు ఎడమచేతి వేళ్ళని కుడిచేత్తో సర్దుకుంటూ అన్నారు, "కొత్తదానికి తీగలు మారుద్దామంటే కుదరదు. బెల్టూ చక్రం ఒకే మోటారు మీద ఉన్నాయి. బెల్టు వెనక్కి తిరిగితే ముక్కని ఆపే కమ్మీ వైపు తోయదు, నీ మీదికి తోస్తుంది."

"మిషన్ మారకపోతే నేను మారతాను."

"ఏడాది అలవాటు. రేపొక్క రోజులో?"

కోడలు తల తిప్పింది. గుమ్మంలో అత్తగారు ఉన్నారు.

"మిషన్ ఏది?"

"తేలేదు," అన్నారు మామగారు.

"గొట్టం పెట్టుకునే చోటు లేదా?"

"ఉంది."

"బాగాలేదా?"

"బాగుంది."

"మరి?"

అత్తగారు ఇద్దర్నీ చూశారు. లోపలికి వచ్చి, పదహారు పిడులున్న పెట్టెలోంచి ఒకటి తీశారు. రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూశారు. నెలల తరబడి ఆ షెడ్డులో చేసినదేదీ ఆమె చేత్తో ముట్టుకోలేదు.

"ఆరోజు ఈయన గ్లాసు పట్టుకున్నారు చూడు," అన్నారు కోడలితో. "సగం నీళ్ళు ఒంటి మీదే పోసుకున్నారు, అయినా పట్టుకున్నారు. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేనేదో అంటాననుకుందేమో. నేను మొహం కడుక్కొస్తానని బయటికొచ్చి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఈయన్ని అక్కడే వదిలేసి."

"నాకు తెలుసు," అన్నారు మామగారు. "నన్ను ఆటోలో పంపించింది ఆవిడే."

"ఇప్పటిదాకా ఆవిడకి ఒక్క మంచి మాట చెప్పలేదు నేను. శుక్రవారం పెట్టె నా చేత్తో ఇస్తాననుకున్నాను. పదహారు పెట్టుకుని వెళ్ళి ఏమనమంటారు, మిగతావి మా ఆయన అలిగారనా?"

పిడిని పెట్టెలో పెట్టి వెళ్ళిపోయారు. గుమ్మం దాటాక వెనక్కి తిరక్కుండా అన్నారు, "రేపు పొద్దున్న పది గంటలకి మిషన్ ఇక్కడుండాలి."

గురువారం పదికి పది నిమిషాల ముందే మిషన్ వచ్చింది. అంగుళం తన స్కూటరు మీద తనే తెచ్చాడు. రాత్రి కొడుకు ఫోను చేశాడట. మిషన్‌తో పాటు రెండు బెల్టులు పనిబల్ల మీద పెట్టాడు.

"ఇవి అడగలేదే," అన్నారు మామగారు.

"నిన్నటి మాటకి."

"తప్పేమీ అనలేదన్నాను కదా."

"అందుకే రెండే తెచ్చాను. తప్పంటే నాలుగు తెచ్చేవాణ్ణి."

మామగారు నవ్వారు. మంగళవారం నుంచి అదే మొదటిసారి.

అత్తగారు కళ్ళజోడు డబ్బా తెరిచి, ఫ్యూజు తీసి, మెయిను పెట్టెలో తన చేత్తోనే పెట్టారు. వాక్యూమ్ క్లీనర్ గొట్టం మిషన్‌కి తగిలించి, గట్టిగా లాగి చూసింది కూడా ఆమే.

పదిన్నరకి కోడలు మిషన్ ముందు నిలబడింది. పదిహేడో పిడి చేతిలో ఉంది. మిషన్ ఇంకా వెయ్యలేదు. చెయ్యి దానంతట అది కుడివైపుకి వెళ్ళింది. వెనక్కి తీసుకుంది. ఎడమవైపు పెట్టింది. తీసి మళ్ళీ పెట్టమన్నారు మామగారు. మూడోసారి చెయ్యి మళ్ళీ కుడివైపుకే వెళ్ళింది.

"ఇలా అయితే వెయ్యను," అంది. "భయమేస్తోంది."

మామగారు పనిబల్ల వైపు చూశారు. అది షెడ్డు మధ్యలో ఉంది. నాలుగు వైపులా నడిచే చోటు ఉంది.

"మిషన్ని తిప్పండి," అన్నారు.

"ఎటు?"

"వెనక్కి. మొహం అటు ఉండాలి. అమ్మాయ్, నువ్వు బల్లకి అవతల నిలబడు."

అంగుళం మిషన్ని ఎత్తి తిప్పి పెట్టాడు. కోడలు బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది. చక్రం ఇప్పుడు ఆమె ముందుంది. కిటికీ ఎడమవైపు వచ్చింది.

"ఏవైపు పట్టాలి?" అన్నారు మామగారు.

కోడలు కిటికీ చూసింది. చక్రం చూసింది.

"కిటికీ వైపు."

"కిటికీ వైపే. ఎందుకు?"

"అటు చక్రం కిందికి దిగుతుంది."

"ఇది మొదటిరోజు చెప్పాల్సింది. ఇవాళ చెప్పాను."

మిషన్ వేసింది. పిడి బల్ల మీద కదల్లేదు. పొడి గొట్టంలోకి వెళ్ళింది. అంగుళం ఒక పిడి అయ్యేదాకా నిలబడి చూసి, స్కూటరెక్కాడు. కోడలు గేటు దాకా వెళ్ళి ఆయనకి దణ్ణం పెట్టింది.

వంపులు బెల్టు మీద, చివర్లు చక్రం మీద. ఒక్కోటీ అయ్యాక మామగారు కుడిచేతికి పాత సాక్సు తొడుక్కుని పిడి మీద నిమిరేవారు. పేడు ఉంటే దారం పట్టుకుంటుంది. పద్ధెనిమిదోదానికి పట్టుకుంది, వెనక్కి ఇచ్చారు. ఇరవై ఒకటోదానికి కూడా. రెండూ రెండోసారికి ఒప్పుకున్నారు.

సాయంత్రం నాలుగుంబావుకి ఇరవై మూడోది పెట్టెలో పడింది. కోడలు మిషన్ ఆపి, నీళ్ళు తాగడానికి గుమ్మం దాకా వెళ్ళింది. తిరిగి చూసేసరికి స్టూలు ఖాళీగా ఉంది.

మామగారు బల్లకి అవతల, మిషన్ ముందు ఉన్నారు. ఎడమచెయ్యి చొక్కా జేబులో పెట్టుకున్నారు. కుడిచేతిలో ఇరవై నాలుగో పిడి ఉంది.

"మామయ్యగారూ."

"ఇది కుడిచేతివాళ్ళ మిషన్ అమ్మాయ్."

"మీది ఎడమచెయ్యి కదా."

"పధ్నాలుగు నెలలుగా సంతకం ఏ చేత్తో పెడుతున్నాను?"

రెండు గ్లాసులు పట్టుకుని అత్తగారు వచ్చారు. గుమ్మంలో ఆగారు.

"ఏమండీ, డాక్టరమ్మ వద్దంది."

"ఎడమచేత్తో మిషన్ వద్దంది. కాగితం మీద రాసిచ్చింది, నీ దగ్గరే ఉంది, చదువుకో. ఉన్న ఒక్క మిషనూ ఎడమచేతిది, అందుకని ఊరుకున్నాను. కుడిచేతి సంగతి ఆవిడేమీ రాయలేదు."

"మాటకి మాట చెప్పకండి. ఆ చెయ్యి కూడా పోతే నేనేం చెయ్యను?"

మామగారు పిడిని ఒకసారి చూసుకున్నారు.

"రేపు పెట్టె నువ్విస్తావు," అన్నారు. "ఇందులో నాది కూడా ఒకటి ఉండాలి."

అత్తగారు గ్లాసులు కింద పెట్టారు. కోడలి వైపు చూశారు.

"నేను పక్కనే ఉంటాను అత్తయ్యా. చెయ్యి స్విచ్చి మీదే ఉంటుంది."

అత్తగారు వెనక్కి తిరిగి వరండా వైపు వెళ్ళారు.

ఒంటిచేత్తో పెట్టుకోలేరని కోడలే మామగారికి రక్షణ కళ్ళజోడు పెట్టింది. చెవుల వెనక సర్దింది. వరండాలో మెయిను పెట్టె రేకు తలుపు కిర్రుమంది. ఇద్దరూ విన్నారు.

"వెయ్యి," అన్నారు మామగారు.

కోడలు స్విచ్చి నొక్కింది. చక్రం తిరిగింది. మామగారు పిడిని కిటికీ వైపు ఆనించి, తాకించారు. పొడి గొట్టంలోకి వెళ్ళింది.

మెయిను పెట్టె తలుపు మూసిన చప్పుడు రాలేదు, అత్తగారు ఫ్యూజు దగ్గరే ఉన్నారు. అప్పుడు టైము నాలుగు ఇరవై ఆరు.

నాలుగున్నరకి మామగారు పిడిని రెండో చివరకి తిప్పారు. మిషన్ ఆగలేదు.